వెళ్లిపోయేవాళ్ల దగ్గర బండి కొనడం: బెంగళూరులో మొదటి సెకండ్ హ్యాండ్ బైక్

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ బండ్లకు కొదవ లేదు. ఈ ఊరికి పెట్టె సర్దుకుని వచ్చేవాళ్లు ఎంతమందో, సర్దుకుని వెళ్లేవాళ్లూ దాదాపు అంతమందే అనిపిస్తుంది. ఒకరికి ఆన్‌సైట్ వస్తుంది, ఒకరు హైదరాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుంటారు, ఇంకొకరికి పెళ్లి కుదిరి బైకు కాస్తా కారవుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మంచం, ఫ్రిజ్, బీన్ బ్యాగ్ ఫొటోల పక్కనే బండి ఫొటో కూడా పడుతుంది. నెలాఖరుకి ఇంటి తాళాలు అప్పజెప్పాలి కాబట్టి రేటూ దిగుతుంది. కొత్తగా కొనేవాళ్లకి కలిసొచ్చేది ఇదే, కొంప ముంచేదీ ఇదే. మనిషి వెళ్లిపోయాక సంతకం కోసం ఎవర్ని పట్టుకుంటాం?

నాకీ సంగతి నా మొదటి బండితోనే తెలిసొచ్చింది. బీటీఎంలో పీజీలో ఉన్న రోజులు. పై అంతస్తు అబ్బాయి కెనడా వెళ్తున్నాడు. బండి బాగుంది, మనిషీ మంచివాడు, పైగా మన కడప వైపు. డబ్బులిచ్చాను, తాళం తీసుకున్నాను. "పేపర్లు తర్వాత చూసుకుందాంలే అన్నా" అన్నాడు, సరేనన్నాను. అతను విమానం ఎక్కిన రెండో నెలలో పేరు మార్పించుకుందామని కూర్చుంటే, ఓటీపీ అతని పాత నంబరుకి పోతోంది. ఆ సిమ్ అతను వెళ్లేముందే తీసేశాడు. ఇక బ్రోకరు చుట్టూ, ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. అతన్ని అనడానికి ఏం లేదు, బద్ధకం నాది. అందుకే ఇక్కడ ఇంజిన్ గురించి ఎంత చెప్తానో సంతకాల గురించీ అంతే చెప్తాను.

1. ముందు మీ ఎత్తు, మీ దారి చూసుకోండి

మొదటి బండి అనగానే చాలామంది మనసు 350 సీసీ మీదికి పోతుంది. నంది హిల్స్‌లో తెల్లవారుజామున మబ్బుల ముందు దిగిన ఫొటో ఒకటి కళ్లముందు ఆడుతుంటుంది. కాదనను. కానీ నంది హిల్స్ నెలకోసారి, సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ రోజూ. స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు, క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ట్రాఫిక్‌లో అడుగుకోసారి ఆగుతూ 195 కిలోలను ఒక కాలి మీద నిలబెట్టడం కొత్తవాళ్లకి నరకమే. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. మునివేళ్ల మీద నిలబడాల్సి వస్తే, ఆ బండి ఎంత నచ్చినా వదిలేయండి.

100 నుంచి 160 సీసీ మధ్యలో చూడండి. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి. వానలో పెయింట్ గీతల మీద బ్రేకు కొట్టినప్పుడు దాని విలువ తెలుస్తుంది, కాబట్టి 150 సీసీ కొంటే ఏబీఎస్ ఉన్నదే కొనండి. 2020 ఏప్రిల్ నుంచి పొగ మీద కొత్త నిబంధన, బీఎస్6 వచ్చింది. ఇంజిన్‌కి పెట్రోల్ అందించడానికి దానికి ముందువాటిలో చిన్న బండ్లకు ఎక్కువగా కార్బురేటర్, తర్వాతవాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్. కార్బురేటర్ బండిని ఏ వీధి మెకానిక్ అయినా విప్పి బిగిస్తాడు. ఇంజెక్షన్ బండి పొద్దున్నే ఒక్క నొక్కుకి లేస్తుంది గానీ సెన్సర్ పోతే ఖర్చు. నా మట్టుకు నేను ఇంజెక్షన్ వైపే.

బండి మీద ఊరెళ్లే ఆలోచన ఉంటే, అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. 125 సీసీతో సాయంత్రానికి కాదు, మధ్యాహ్నం భోజనానికే చేరుకోవచ్చు. మైసూరు వెళ్లేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: 2023 ఆగస్టు 1 నుంచి ఆ ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వడం లేదు, సర్వీసు రోడ్డే గతి.

ఎలక్ట్రిక్ స్కూటర్ల జోలికి ఇక్కడ పోను. వాటి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే, ఆ లెక్కే వేరు.

2. నంబరు అడగండి, మనిషిని తర్వాత కలవచ్చు

ఫొటో నచ్చగానే ఫోన్ చేసి "లాస్ట్ ఎంత" అని అడగకండి. ముందు బండి నంబరు అడగండి. నంబరు ఇవ్వడానికి వెనకాడేవాళ్లతో అక్కడితో మాట ఆపేయండి. నంబరు దొరికితే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లోనో వాహన్ సైట్‌లోనో కొట్టండి. ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఉందా, ఆర్సీ యాక్టివ్‌గా ఉందా, అన్నీ కనిపిస్తాయి. ఆర్సీ ఫొటో పంపించమంటే అందులో ఓనర్ సీరియల్ నంబరు కూడా ఉంటుంది. "సింగిల్ ఓనర్ బ్రదర్" అని చెప్పిన బండికి అక్కడ 3 అని కనిపిస్తే, మిగతా మాటలు కూడా ఏ పాటివో అర్థమైపోతుంది.

నంబరు ప్లేటే కొంత కథ చెప్తుంది. కేఏ 01 కోరమంగళ, కేఏ 03 ఇందిరానగర్, కేఏ 05 జయనగర్, కేఏ 51 ఎలక్ట్రానిక్ సిటీ, కేఏ 53 కేఆర్ పురం. ఇవన్నీ ఊళ్లోవే. కేఏ 19 అంటే మంగళూరు, సముద్రపు గాలి తిన్న బండి. తుప్పు కోసం నట్లూ బోల్టులూ రెండుసార్లు చూడండి. ఎలక్ట్రానిక్ సిటీ వైపు టీఎన్ 70 కూడా బాగా కనిపిస్తుంది, అది హోసూరు.

ఇక మనవాళ్ల బండ్లు. మారతహళ్లిలో, మడివాళలో ఏపీ 39 బండ్లు కోకొల్లలు. మన ఊరి నంబరని మురిసిపోయి కొనకండి. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడే తిరిగితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన ట్యాక్సులో మిగిలినది వెనక్కి తెచ్చుకోవడం వేరే యుద్ధం. బెంగళూరులోనే ఉండేట్టయితే కేఏ బండే కొనండి. రేపో మాపో ఊరికి వెళ్లిపోయేవాళ్లయితే ఇదే లెక్క తిరగేసి, కేఏ బండిని ఇంటికి తీసుకెళ్తే ఎంతవుతుందో ఇప్పుడే వేసుకోండి.

చలాన్లు కూడా ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఈ ఊళ్లో జంక్షన్ జంక్షన్‌కీ కెమెరాలున్నాయి. పోలీసు ఆపకపోయినా ఫైను పడుతూనే ఉంటుంది, పాపం అమ్మేవాళ్లకే తెలియదు ఒక్కోసారి. 2023 ఫిబ్రవరిలో పాత చలాన్ల మీద సగం రాయితీ ఇచ్చినప్పుడు జనం కట్టడానికి ఎగబడ్డారు, అంతలా పేరుకుపోయి ఉంటాయి. పోలీసు శాఖ సైట్‌లో నంబరు కొట్టి, వచ్చిన మొత్తాన్ని స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. బేరంలో పనికొస్తుంది. దొంగబండి కాదని తేల్చుకోవడానికి ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) సైట్‌లో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరుతో వెతికే వీలుంది. అది కూడా చూసేయండి.

ఒక పాత మోసం ఇంకా నడుస్తూనే ఉంది, చెప్పి ముందుకెళ్తాను. రేటు మరీ తక్కువ. "నేను ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ వచ్చింది, బండి ఎయిర్‌పోర్టులో పార్సెల్‌కి రెడీగా ఉంది, రవాణా ఖర్చు పంపితే ఇంటికి వస్తుంది" అంటారు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు ఫొటో కూడా పంపిస్తారు. బండీ ఉండదు, మనిషీ ఉండడు. చేత్తో తాకని బండికి ఒక్క రూపాయి కూడా పంపకండి.

3. ఉదయం 7 గంటలకి వెళ్లండి, చెప్పిన టైముకి పది నిమిషాల ముందే

సాయంత్రం ఆఫీసయ్యాక చూద్దాం అంటే ఒప్పుకోకండి. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ ఒక్కటే నిజం చెప్తుంది. అప్పటికే నడిపి వేడి చేసిన ఇంజిన్ దాదాపు ఏ బండిదైనా బాగానే లేస్తుంది.

వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆదివారం బండి చూడ్డానికి వెళ్లాం, నేనూ మా తమ్ముడూ. బేస్‌మెంట్‌లో బండి నీట్‌గా కడిగి పెట్టి ఉంది. ఓనరు తాళం చేతిలో తిప్పుతూ మాట్లాడుతున్నాడు. మా తమ్ముడు మాటల మధ్యలో వంగి ఇంజిన్ కవర్ మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి తీసేశాడు, నావైపు చూశాడు. నేనూ తాకి చూశాను, అప్పుడే తాగి పెట్టిన టీ గ్లాసులా ఉంది.

"ఇప్పుడే ఎక్కడికైనా వెళ్లొచ్చారా అన్నా?"

"లేదు లేదు, ఆ స్లాట్లోంచి ఈ స్లాట్లోకి తెచ్చా, అంతే."

ఇరవై అడుగుల దూరానికి ఇంజిన్ అంత కాగదు. టీ తాగి వచ్చేశాం. ఆ బండికి ఏ జబ్బు ఉందో నాకిప్పటికీ తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు.

ఇంజిన్ చల్లగా ఉంటే, తాళం మీరే తీసుకుని మీరే స్టార్ట్ చేయండి. ముందు సెల్ఫ్, తర్వాత కిక్కర్ ఉంటే అది కూడా. సెల్ఫ్ నీరసంగా మూలిగితే బ్యాటరీ అయిపోవచ్చింది. స్టార్ట్ అయ్యాక సైలెన్సర్ వెనక నిలబడండి. చలి ఉదయం మొదటి నిమిషంలో తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే అది తేమ, పట్టించుకోకండి. నీలంగా పొగ వస్తూనే ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. బోరు (సిలిండర్) పని ఉంది, అంటే వేలల్లో ఖర్చు. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ పోతోంది, ఎయిర్ ఫిల్టరో కార్బురేటరో చూసుకుంటే సరిపోతుంది.

తర్వాత ఏం చేయకుండా రెండు నిమిషాలు వినండి. ఇది కొత్తవాళ్లు చేయరు, మొహమాటపడి వెంటనే రేసింగ్ ఇచ్చేస్తారు. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా బండి ఒకే తీరుగా కొట్టుకుంటోందా, మధ్యలో దడ తప్పుతోందా? ఇంజిన్ తల దగ్గర టకటక మని సన్నగా వినిపిస్తే ట్యాపెట్ల (వాల్వుల దగ్గరి సందు) సెట్టింగు కావచ్చు, చిన్న పని. లోపల గొలుసు జారుతున్నట్టు గరగర వస్తే టైమింగ్ చైన్. అది చిన్న పని కాదు.

4. తుడిచిన చోట కాకుండా తుడవని చోట చూడండి

అమ్మేముందు ట్యాంకు, మడ్‌గార్డు అందరూ మెరిపిస్తారు. సీటు కింద ఎవరూ తుడవరు. సీటు తీయించండి.

బెంగళూరులో దీనికి ఇంకో కారణం ఉంది. 2022 సెప్టెంబర్ మొదటి వారంలో ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు మునిగిన సంగతి గుర్తుండే ఉంటుంది. ట్రాక్టర్ల మీద ఆఫీసులకు వెళ్లారు జనం. ఆ వారంలో బేస్‌మెంట్లలో నిలబెట్టిన బండ్లు ఎక్కడికి పోయాయి? ఎండబెట్టి, ఆయిల్ మార్చి, నడిపిస్తూనే ఉన్నారు. కొన్ని అమ్మకానికీ వస్తాయి. సీటు కింద మూలల్లో ఎండిన ఒండ్రు, టూల్ కిట్ సంచిలో గట్టిపడిన మట్టి, వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము, మీటరు గ్లాసు లోపల ఆవిరి మరక కనిపిస్తే అది మునిగిన బండే. ఆయిల్ మూత తీసి చూడండి. ఆయిల్ నల్లగా ఉన్నా పర్వాలేదు, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం లోపలికి నీళ్లు చేరినట్టే. అలాంటి బండి ఎంత తక్కువకి వచ్చినా నేను కొనను, వైరింగ్ ఎప్పుడు మొండికేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఒక పాత గుడ్డ తీసుకెళ్లండి. హ్యాండిల్ కింద మెడ దగ్గర ఛాసిస్ నంబరు ఉంటుంది, ఇంజిన్ కింది భాగంలో ఇంజిన్ నంబరు. రెండూ తుడిచి ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడండి. అంకెల చుట్టూ గీకినట్టో, మళ్లీ కొట్టినట్టో ఉంటే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరు. గీతలు బాగానే కనిపిస్తున్నా ఐదారేళ్లు దాటిన రబ్బరు బిరుసెక్కి వానలో జారుతుంది. 2021 మోడల్ బండి, 18 వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిందంటూ టైర్లు 2024వి అయితే, "మొదటి టైర్లు అప్పుడే ఎందుకు మార్చారు" అని అడగండి. పంక్చర్లు అంటారేమో, కావచ్చు. కానీ బ్రేకు పెడల్, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, హ్యాండిల్ గ్రిప్పులు కూడా నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు మాట నమ్మకండి. సర్వీసు బిల్లుల మీద కిలోమీటర్లు రాసి ఉంటాయి, అవి చూపించమనండి.

ఈ ఊరి గుంతలకీ, రాత్రికి రాత్రి మొలిచే హంపులకీ మొదట బలయ్యేది ముందు భాగం. ఫోర్కు (ముందు షాకులు) రాడ్ల మీద వేలితో రుద్దండి. ఆయిల్ జిడ్డు అంటితే సీల్ పోయింది. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరు కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది. అప్పుడు హ్యాండిల్‌ని మెల్లగా ఇటూ అటూ తిప్పండి. నడిమధ్యకి రాగానే చిన్న గుంటలో పడ్డట్టు పట్టేస్తే కోన్ సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) అరిగింది. వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీద చైన్‌ని వేళ్లతో పట్టి వెనక్కి లాగండి. పంటికీ చైన్‌కీ మధ్య సగం పన్ను కనిపించేంత సందు వస్తే, పళ్లు కొడవలి కొనల్లా వంగి ఉంటే, చైన్ సెట్ మొత్తం మార్చాలి. ఇవేవీ బండి వద్దనడానికి కారణాలు కావు. బేరానికి రాసుకోండి.

పడ్డ బండా అన్నది లివర్ల కొనలు, హ్యాండిల్ చివరి గుండ్లు, సైలెన్సర్ పక్కభాగం చెప్పేస్తాయి. ఒకవైపు అన్నీ గీసుకుపోయి ఉంటే ఆ వైపు పడింది. కొత్తవాడి చేతిలో బండి పడటం మామూలే, రేపు మీరూ పడేస్తారు. వెనక పది అడుగుల దూరంలో కూర్చుని రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా చూడండి, ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్ ఉందేమో చూడండి. అవి రెండూ సరిగ్గా ఉంటే గీతలు గీతలే.

5. నడిపి చూడండి, మెకానిక్‌నీ తీసుకెళ్లండి

లైసెన్సు లేకుండా టెస్ట్ రైడ్ అడగకండి. మీ హెల్మెట్ మీరు తెచ్చుకోండి. ఓనరు నమ్మకానికి మీ బండో, లైసెన్సు కార్డో అతని దగ్గర పెట్టండి. కనీసం పదిహేను నిమిషాలు, అందులో ఒక ఫ్లైఓవర్ ఎత్తు, నాలుగు హంపులు, ఒక ట్రాఫిక్ సిగ్నల్ ఉండేలా చూసుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. గేర్లు మధ్యలో జారిపోతున్నాయా, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరుకుతోందా గమనించండి. ఖాళీ రోడ్డు మీద హ్యాండిల్ పట్టు కాస్త వదులు చేయండి, పూర్తిగా వదలొద్దు. బండి ఒక పక్కకి గుంజుతుంటే చక్రం వంకరో, ఫ్రేము వంకరో. తిరిగొచ్చి ఆపి, ఐదు నిమిషాలు మాట్లాడి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయండి. కొన్ని బండ్లు చల్లగా లేస్తాయి, వేడి మీద మొండికేస్తాయి. ఆగిన చోట కింద ఆయిల్ చుక్కలు పడ్డాయేమో కూడా చూడండి.

ఇంతవరకూ బాగుంటే మెకానిక్. రోజూ మీ వీధిలో కనిపించే మనిషినే అడగండి, అతని పొద్దుటి గంట విలువ ఇచ్చేయండి. ఓనరు చెప్పిన మెకానిక్ వద్దు. మాకు తెలిసిన మెకానిక్ మదనపల్లె ఆయన, బీటీఎంలో షెడ్డు. ఆయన బండి చూసి లెక్చర్ ఇవ్వడు. చెవి ఇంజిన్‌కి ఆనించి, లేచి, "ఇది వద్దులే సామీ" అంటాడు, లేదా "టైర్లు, చైను వేసుకో, తిరుగుతాది" అంటాడు. ఆ రెండు వాక్యాలకి నేనిచ్చే డబ్బు ఎప్పుడూ దండగ అనిపించలేదు.

6. బేరం

మొత్తం బండి బాగోలేదని తీసిపారేయకండి. ఓనరుకి కోపమొస్తుంది, రేటు బిగుసుకుంటుంది. మీరు రాసుకున్న జాబితా తీయండి: టైర్లు, చైన్ సెట్, బ్యాటరీ, పెండింగ్ చలాన్లు, అయిపోయిన ఇన్సూరెన్స్. ఒక్కోదానికి షాపు రేటు పక్కన రాసి ఉండాలి. స్పేర్ల ధరలకి, ఆ షాపులుండే జేసీ రోడ్డులో ఒక గంట తిరిగితే చాలు, బేరంలో గొంతు గట్టిగా పలుకుతుంది. కన్నడిగుడైతే "స్వల్ప కమ్మి మాడి సార్" (కొంచెం తగ్గించండి సార్) అని మొదలుపెట్టండి. ఉచ్చారణ తప్పినా పర్వాలేదు, నవ్వుతారు, నవ్వాక కొంచెం తగ్గిస్తారు. మనవాళ్లయితే "మన ఊరోళ్లు కదా, ఇంకేం తగ్గించాలి బ్రో" అని ఎదురు మనల్నే ఇరికిస్తారు. ఊరి మాటలు టీ తాగేటప్పుడు మాట్లాడుకోవచ్చు, రేటు దగ్గర జాబితానే చూపించండి.

వెళ్లిపోయే తేదీ అడిగి తెలుసుకోండి. వచ్చే వారం ఫ్లైటు ఉన్న మనిషి తగ్గుతాడు. కానీ మీకు కాగితాలకి టైము చాలదు. మూడు నాలుగు వారాలు ఊళ్లో ఉండే మనిషికి ఒకట్రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదని ఇప్పుడు నా లెక్క.

టోకెన్ అంటే వెయ్యో రెండు వేలో, అంతకంటే వద్దు. మిగతాది తాళం, కాగితాలు చేతికొచ్చినప్పుడు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి, బండి నంబరు రిమార్క్స్‌లో రాసి. రేపు మీ బండి మీరు అమ్మేటప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకోండి: డబ్బు రావడానికి మనం క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. అలా చేయమన్నారంటే మీ ఖాతా ఖాళీ చేయడానికే.

7. కాగితాలు: మనిషి ఊళ్లో ఉండగానే

ఆర్సీలో ఉన్న పేరూ, మీ ఎదురుగా ఉన్న మనిషీ ఒకటేనా? ఆధార్ పక్కన పెట్టి చూడండి. బ్రోకర్ల దగ్గర తరచూ కనిపించేది ఇదీ: మొదటి ఓనరు సంతకం పెట్టిన ఖాళీ ఫారాల కట్ట చేతులు మారుతుంటుంది, బండి ముగ్గురి దగ్గర తిరుగుతుంది, ఆర్సీలో మాత్రం మొదటి పేరే. అలాంటి బండి కొంటే మీరు ఎప్పుడూ చూడని మనిషి ఓటీపీ కోసం వెతుక్కోవాలి. ఆర్సీ తండ్రి పేరు మీద ఉండి ఆయన పోయారంటే, ముందు వారసులు ఫారం 31తో తమ పేరుకి మార్పించుకోవాలి. ఆ తర్వాతే మీకు. డీలరు దగ్గర కొంటుంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లకి ఆర్టీఓ అనుమతి పత్రం ఉండాలన్న నిబంధన వచ్చింది. అది చూపించమని అడగడానికి మొహమాటం వద్దు.

లోను తీరిపోయిందన్నా ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా ఉండొచ్చు. అప్పుడు ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కావాలి. ఆ ఎన్‌ఓసీ మీద గడువు తేదీ రాసి ఉంటుంది, అది దాటిపోతే మళ్లీ బ్యాంకుకి వెళ్లాల్సింది అమ్మే మనిషే. వీలైతే బ్యాంకు పేరు తీయించాకే డబ్బు మొత్తం ఇవ్వండి.

అసలు బదిలీకి ఫారం 29, ఫారం 30. 29 అమ్మేవాళ్లు బండి అమ్మామని తెలియజేసేది, రెండు ప్రతులు. 30 బదిలీ దరఖాస్తు, ఇద్దరి సంతకాలూ ఉంటాయి. చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మేవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో. పరివాహన్ సైట్‌లో దరఖాస్తు చేసేటప్పుడు ఓటీపీ అమ్మేవాళ్ల నంబరుకి వెళ్తుంది. కాబట్టి డబ్బు ఇచ్చే రోజే, ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, ఆ దరఖాస్తు ముగించండి. రసీదు నంబరు వచ్చాకే లేవండి.

మీ ఆధార్ ఊరి అడ్రస్‌తో ఉంటే ఇక్కడి అడ్రస్‌కి రెంటల్ అగ్రిమెంట్ కావాల్సి వస్తుంది. పీజీలో ఉండేవాళ్లకి ఇదే పెద్ద చిక్కు. బండి వెతకడం మొదలుపెట్టకముందే ఈ పని చూసుకోండి.

అమ్మే మనిషి "అంత తొందరేం, మెల్లగా చేసుకోండి" అంటే, తొందర అతనికే ఉండాలని చెప్పండి. ఆర్సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరని, బండి అమ్మేసినా యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ఒక్క మాట చెప్తే, కెనడాలో ఉన్నా సిమ్ ఉంచుకుంటారు.

తాళాలు రెండూ తీసుకోండి. రెండోది పోయిందంటే లాక్ సెట్ ఖర్చు బేరంలో కలపండి. బండి అప్పగించిన తేదీ, సమయం, మీటరు రీడింగ్ ఒక తెల్ల కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఆ సమయం తర్వాత పడే చలాన్ మీది, అంతకుముందుది అతనిది.

8. మొదటి రెండు వారాలు

ఇన్సూరెన్స్ మీ పేరుకి మారాలని 14 రోజుల్లోపు కంపెనీకి రాయండి. బండితో పాటు థర్డ్ పార్టీ కవర్ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) మీకు వస్తుంది గానీ, మీ బండికి జరిగే నష్టానికి కవర్ దానంతటది రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుదే, బండిది కాదు, కాబట్టి ప్రీమియం కొంచెం పెరుగుతుంది. 2018 సెప్టెంబర్ తర్వాత కొన్న బైకులకు మొదట్లోనే ఐదేళ్ల థర్డ్ పార్టీ కట్టించుకున్నారు. "ఇన్సూరెన్స్ ఉంది" అని ఓనరు అన్నది చాలాసార్లు అదొక్కటే అయి ఉంటుంది.

ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, బ్రేకు ప్యాడ్లు ఎన్నాళ్లయిందో అడక్కుండా మార్చేయండి. బండితో పాటు ఫ్రీగా ఇచ్చిన హెల్మెట్ మాత్రం వాడకండి, అది ఎప్పుడు ఎక్కడ పడిందో మీకు తెలియదు. వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ కావాలి కాబట్టి కొత్తవి రెండు కొనండి.

ఆర్సీ కార్డు స్పీడ్ పోస్టులో మీరిచ్చిన అడ్రస్‌కే వస్తుంది. మీరు లేకపోతే వెనక్కి పోతుంది, మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి. అది చేతికొచ్చి, మీ పేరులో ఇంటిపేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందని చూసుకునేదాకా పీజీ మారకండి.